సూపర్ మార్కెట్‌ను మూడు రెట్లు పెంచితే కొనుగోలుదార్లు మూడు రెట్ల దూరం నుంచి వస్తారా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మండల కేంద్రంలో, బజారు మధ్యన మీకు 3,000 చదరపు అడుగుల సూపర్ మార్కెట్ ఉంది. అక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, బైపాస్ రోడ్డు మీద, ఒక చైన్ సంస్థ 12,000 చదరపు అడుగుల దుకాణం తెరిచింది. మీ పక్కనున్న షెడ్డును కూడా అద్దెకు తీసుకొని దుకాణాన్ని 9,000 చదరపు అడుగులు చేస్తే, ఇప్పుడు మూడు కిలోమీటర్ల లోపు నుంచి వస్తున్న జనం ఇకపై తొమ్మిది కిలోమీటర్ల అవతలి పల్లెల నుంచి కూడా వస్తారా, దీనికేమైనా లెక్క ఉందా అని మీ సందేహం.

లెక్క ఉంది. అయితే ఆ లెక్క మీరు ఆశించిన జవాబు ఇవ్వదు. దుకాణాలకు స్థలాలు ఎంపిక చేసే పనిలో ఇరవై రెండేళ్లు గడిపిన అనుభవంతో ముందే ఒక మాట చెబుతాను. విస్తీర్ణం పెరిగిన దుకాణం పొలిమేరలను అంత తేలికగా దాటదు. అది ముందుగా తనకూ పోటీదారుకూ మధ్యనున్న ఇళ్లను గెలుచుకుంటుంది. దూరం నుంచి జనం వచ్చేది విస్తీర్ణం వారి ప్రయాణానికి కొత్త కారణం కల్పించినప్పుడే, అది కూడా అన్ని దిక్కుల నుంచీ కాదు.

ఈ విషయంపై తొలి సూత్రాన్ని విలియం రైలీ అనే అమెరికన్ 1931లో ప్రకటించారు. రెండు పట్టణాల నడుమ ఒక ఊరు ఉంటే, ఆ ఊరి వ్యాపారాన్ని రెండు పట్టణాలూ తమ జనాభాకు అనులోమంగానూ, దూరం వర్గానికి విలోమంగానూ పంచుకుంటాయని ఆయన సూత్రం. న్యూటన్ గురుత్వాకర్షణ సూత్రానికి ఇది నకలు వంటిది. తరువాత 1949లో పాల్ కన్వర్స్ దీన్నుంచి ఇద్దరి మధ్య సరిహద్దు ఎక్కడ పడుతుందో తేల్చే చిన్న సూత్రం రాబట్టారు. 1960ల్లో డేవిడ్ హఫ్ పట్టణ జనాభా స్థానంలో దుకాణ విస్తీర్ణాన్నీ, దూరం స్థానంలో ప్రయాణ సమయాన్నీ పెట్టి, ఫలానా పేటలోని కుటుంబం ఫలానా దుకాణానికి వెళ్లే అవకాశం ఎంత శాతమో లెక్కించే పద్ధతిని ఇచ్చారు. నేటికీ చైన్ సంస్థల ప్రణాళిక విభాగాల్లో నడిచేది ఎక్కువగా హఫ్ పద్ధతికి మెరుగులు దిద్దిన రూపాలే.

ముందు కన్వర్స్ సూత్రాన్ని, జనాభాకు బదులు విస్తీర్ణం పెట్టి, మీ పట్టణానికి వర్తింపజేద్దాం. రెండు దుకాణాల మధ్య దూరం 4 కిలోమీటర్లు. పోటీదారు విస్తీర్ణాన్ని మీ విస్తీర్ణంతో భాగించి, వర్గమూలం తీసి, దానికి ఒకటి కలిపి, ఆ మొత్తంతో నాలుగు కిలోమీటర్లను భాగించాలి. ఇప్పుడు 12,000ను 3,000తో భాగిస్తే 4, దాని వర్గమూలం 2, ఒకటి కలిపితే 3. అంటే సరిహద్దు మీ దుకాణం నుంచి 1.33 కిలోమీటర్ల దగ్గర పడుతుంది. మీరు 9,000 అడుగులకు పెంచాక అదే లెక్క వేస్తే 1.86 కిలోమీటర్లు వస్తుంది. మూడు రెట్ల స్థలానికి సరిహద్దు జరిగినది అర కిలోమీటరు మాత్రమే. వర్గమూలం చేసే పని ఇది. విస్తీర్ణం ఎంత వేగంగా పెరిగినా దాని లాగుడు శక్తి దూరం మీద అంత వేగంగా పనిచేయదు.

అయితే ఇది మీ ఇద్దరినీ కలిపే రోడ్డు మీది సరిహద్దు మాత్రమే. చాలామంది ఇక్కడే ఆగిపోయి, వ్యాపార పరిధి అంటే దుకాణం చుట్టూ గీసిన వృత్తం అనుకుంటారు. మీకు అటువైపు, అంటే బైపాస్‌కు వ్యతిరేక దిక్కున ఏం జరుగుతుందో చూడండి. ఆ దిక్కు నుంచి వచ్చేవారికి ముందు తగిలేది మీ దుకాణమే, పోటీదారు దాని తరువాత నాలుగు కిలోమీటర్ల అవతల. ఇదే లెక్క ప్రకారం ఆ దిక్కున మీ సరిహద్దు ఇప్పుడు 4 కిలోమీటర్లు, 9,000 అడుగులు చేశాక దాదాపు 26 కిలోమీటర్లు. అంత దూరంలో మరో మండల కేంద్రం, దాని కొట్లు తప్పక ఉంటాయి కనుక ఆ 26 అనే అంకెను అక్షరాలా నమ్మవద్దు. దిక్కును మాత్రం నమ్మండి. మీరు పెంచిన విస్తీర్ణం పోటీదారు వైపు అంగుళం అంగుళంగా జరుగుతుంది, మీ వీపు వెనక మాత్రం బార్లా తెరుచుకుంటుంది. కనుక మీరు చెప్పిన తొమ్మిది కిలోమీటర్ల పల్లెలు ఏ దిక్కున ఉన్నాయన్నదే అసలు ప్రశ్న. బైపాస్ వైపు ఉంటే ఆశ వదులుకోండి. మీ వెనక వైపు ఉంటే మాట్లాడుకోవచ్చు.

ఇప్పుడు హఫ్ పద్ధతి. సరిహద్దుకు ఇవతల అందరూ మీవారు, అవతల అందరూ వారివారు అన్నది నిజం కాదు. ప్రతి పేటలోనూ ఇద్దరికీ వాటా ఉంటుంది. వెయ్యేసి ఇళ్లున్న మూడు పేటలను ఊహించుకుందాం. మొదటిది మీకు 1 కిలోమీటరు, పోటీదారుకు 3 కిలోమీటర్లు. రెండవది ఇద్దరికీ 2 కిలోమీటర్ల చొప్పున. మూడవది మీకు మూడున్నర, వారికి 1 కిలోమీటరు. ఒక్కొక్క దుకాణం విస్తీర్ణాన్ని దూరం వర్గంతో భాగించి, ఆ రెండింటి మొత్తంలో మీ వంతు ఎంతో చూస్తే, ఇప్పుడు మొదటి పేటలో మీకు 69 శాతం, రెండవదానిలో 20 శాతం, మూడవదానిలో 2 శాతం ఇళ్లు వస్తాయి. విస్తరించాక అవి వరుసగా 87, 43, 6 శాతం అవుతాయి.

ఈ అంకెల దగ్గర కొంచెం ఆగండి. మూడవ పేటలో మీ వాటా దాదాపు మూడు రెట్లయింది, నిజమే. కానీ అది 20 ఇళ్ల నుంచి 58 ఇళ్లకు పెరగడం. నడిమి పేటలో 200 ఇళ్లు 429 అయ్యాయి. దగ్గరి పేటలో అప్పటికే మూడింట రెండు వంతులు మీవే కనుక అక్కడ మిగిలిన చోటు తక్కువ. మూడు పేటలూ కలిపితే ఇంతకుముందు 912 ఇళ్లు, ఇకపై 1,358. అంటే స్థలం మూడు రెట్లు, కొనుగోలుదార్లు ఒకటిన్నర రెట్లు. చదరపు అడుగుకు వచ్చే అమ్మకం దాదాపు సగానికి పడిపోతుంది. షెడ్డు యజమానికి మీరు కట్టే అద్దె మాత్రం చదరపు అడుగు లెక్కనే ఉంటుంది.

ఇంకొక సంగతి. పై లెక్కలో దూరాన్ని రెండవ ఘాతంతో, అంటే వర్గంగా, తీసుకున్నాను. హఫ్ ఆ ఘాతాన్ని స్థిరాంకంగా పెట్టలేదు. సరుకును బట్టి, ఊరిని బట్టి కొలిచి తెలుసుకోమన్నారు. సోఫా కొనడానికి మనిషి ఊళ్లు దాటుతాడు, ఉప్పు కొనడానికి వీధి దాటడు. 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో ఐకియా సుమారు 4 లక్షల చదరపు అడుగుల దుకాణం తెరిచినప్పుడు విజయవాడ, వరంగల్ నుంచి కూడా కుటుంబాలు కార్లు వేసుకొని వెళ్లాయంటే, దేశంలో అదే మొదటిది కావడం ఒక కారణమైతే, మంచాలు, బీరువాలు ఏళ్లకొకసారి కొనేవి కావడం రెండో కారణం. పచారీ సరుకుల్లో దూరం బరువు ఎక్కువ. ఘాతం మూడు అని తీసుకొని పై మూడు పేటలకు మళ్లీ లెక్క వేస్తే, మూడు రెట్ల స్థలానికి పెరిగేది ముప్పై శాతం ఇళ్లే. మండల కేంద్రాల్లో నేను కొలిచినంత వరకు వాస్తవం ఈ రెండింటి మధ్యలో ఉంటుంది.

దూరం బరువు ఎందుకు ఎక్కువో నాకు సూత్రాలకన్నా ముందు ఒక ఆదివారం చెప్పింది. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, నెల మొదటి వారంలో, ఒక సూపర్ మార్కెట్ గేటు దగ్గర కుర్చీ వేసుకొని వచ్చేపోయేవారిని లెక్కపెడుతున్నాను. భార్యాభర్తలు ట్రాలీ నిండా నెల సరుకులు తోసుకొచ్చారు. స్కూటరు ముందు పలక మీద 25 కిలోల బియ్యం సంచి నిలబెట్టారు. దాని మీద నూనె ప్యాకెట్ల పెట్టె. హ్యాండిల్‌కు రెండు వైపులా పప్పులు, సబ్బుల సంచులు. ఆమె వెనక కూర్చొని ఒళ్లో గోధుమపిండి సంచి పెట్టుకున్నా, ఇంకా ఒక డిటర్జెంటు బకెట్టు మిగిలింది. అయిదు నిమిషాలు అటు మార్చి ఇటు మార్చి చూసి, చివరకు ఆ బకెట్టును కౌంటరులో తిరిగి ఇచ్చేశారు. ఇల్లెక్కడమ్మా అని అడిగితే మూడు కిలోమీటర్లన్నారు. ఆ స్కూటరు అంత బరువుతో, అంత ట్రాఫిక్‌లో, పది కిలోమీటర్లు వెళ్లదు. మన పట్టణాల్లో సూపర్ మార్కెట్ పరిధిని తేల్చేది దాని గోడలు ఒకదానికొకటి ఎంత దూరాన ఉన్నాయన్నది కాదు, కొనేవారి వాహనం ఎంత మోయగలదన్నది. అమెరికాలో వాల్‌మార్ట్ సూపర్ సెంటర్ల సగటు విస్తీర్ణం లక్షా ఎనభై వేల చదరపు అడుగుల దరిదాపుల్లో ఉండగలగడానికి, వాటికి అనేక మైళ్ల నుంచి జనం రావడానికి వెనకనున్నది కారు డిక్కీ, ఇంట్లో పెద్ద ఫ్రిజ్. ఫ్రాన్స్‌లో 1963లో కార్ఫూర్ సంస్థ పారిస్ శివార్లలో 2,500 చదరపు మీటర్ల దుకాణం తెరిచినప్పుడే 400 కార్లకు చోటు ఉంచింది. విస్తీర్ణమూ పార్కింగూ ఒకదానికొకటి తోడుగానే పుట్టాయి. ఇది మీకు నేరుగా వర్తిస్తుంది. మీరు కలుపుకోదలచిన షెడ్డు ముందు ఇప్పుడు మీ కొనుగోలుదార్లు బండ్లు నిలుపుతున్నట్లయితే, మీరు అరలు పెంచి పార్కింగు తగ్గిస్తున్నారన్నమాట. అప్పుడు దూరం నుంచి వచ్చేవారు పెరగకపోగా తగ్గుతారు.

ఇంతవరకు విస్తీర్ణాన్ని ఒక అంకెగా చూశాం. కొనేవారికి మాత్రం విస్తీర్ణం కనిపించదు, సరుకుల రకాలే కనిపిస్తాయి. మూడు వేల అడుగుల్లో పాలు, పెరుగు, బిస్కెట్లు, సబ్బులు, నాలుగైదు రకాల బియ్యం సరిపోతాయి. కానీ నెల వెచ్చాలు మొత్తం ఒక్కచోట తీసుకోవాలంటే కూరగాయలు, పూజా సామగ్రి, స్టీలు, ప్లాస్టిక్, పసిపిల్లల వస్తువులు కూడా ఉండాలి. చిన్న పట్టణాల్లో ఈ మలుపు అయిదారు వేల చదరపు అడుగుల దగ్గర వస్తుందని నా అనుభవం. ఆ గడప దాటే వరకు మీది మధ్యలో అవసరమైనవి తెచ్చుకునే కొట్టు, దాటాక నెల సరుకుల కొట్టు. మొదటిదానికి జనం కిలోమీటరు లోపు నుంచి వారానికి మూడుసార్లు వస్తారు. రెండవదానికి నాలుగైదు కిలోమీటర్ల నుంచి నెలకు ఒకటి రెండుసార్లు వస్తారు. పరిధి నిజంగా సాగేది ఈ ఒక్క మలుపు దగ్గరే. 3,000 నుంచి 6,000 అడుగులకు వెళ్లడంలో ఉన్న లాభం 6,000 నుంచి 9,000కు వెళ్లడంలో ఉండదు. అక్కడినుంచి పెరిగే చోటు ఎక్కువగా అవే సబ్బులను మరింత వెడల్పుగా పేర్చడానికే పోతుంది.

దీనికి నేను చూసిన ఒక నష్టాన్ని చెప్పాలి. కోస్తాలోని ఒక పట్టణంలో నేను సలహా ఇచ్చిన ఒక యజమాని 4,000 అడుగుల దుకాణానికి పై అంతస్తు కలిపి 11,000 అడుగులు చేశారు. చుట్టుపక్కల పల్లెలన్నీ వస్తాయని నమ్మారు. నేను కూడా అప్పటికి సూత్రాలను బొత్తిగా పైపైన అర్థం చేసుకున్నవాణ్ని కనుక గట్టిగా వద్దనలేదు. పై అంతస్తులో బట్టలు, వంటపాత్రలు పెట్టారు. ఊళ్లో బట్టల బజారు, పాత్రల బజారు అప్పటికే పేరు మోసినవి. మెట్లెక్కి చూసి దిగేవారే తప్ప కొనేవారు తక్కువ. కింది అంతస్తు అమ్మకాలు పెరిగాయి, ఆ పెరుగుదలనంతా పై అంతస్తు అద్దె, కరెంటు, జీతాలు తినేశాయి. రెండున్నరేళ్లకు పై అంతస్తు ఖాళీ చేశారు. అంతస్తు ఖాళీ చేశాక కూడా పరిధి తగ్గలేదు. ఆ 7,000 అడుగుల వల్ల పరిధి ఎన్నడూ పెరగలేదని అప్పుడు నాకు తెలిసింది.

విస్తీర్ణం లేకపోయినా దూరం నుంచి రప్పించే శక్తి మరొకటుంది. అది మరెక్కడా దొరకని సరుకు. అమెరికాలో తెలుగువారున్న పట్టణాల్లో భారతీయ కిరాణా దుకాణాలను చూడండి. పక్కనే ఉన్న వాల్‌మార్ట్‌లో ఇవి ఒక మూలకు సరిపోతాయి. అయినా గోంగూర, కరివేపాకు, సోనా మసూరి బియ్యం కోసం గంట ప్రయాణం చేసి వచ్చే కుటుంబాలుంటాయి. వాళ్లను తెచ్చేది అడుగులు కాదు, మరొకచోట దొరకకపోవడం. ధర కూడా ఇలాంటిదే. జర్మనీకి చెందిన ఆల్డి అనే చైన్ సంస్థ దుకాణాలు చిన్నవి, పెట్టే రకాలు కూడా మామూలు సూపర్ మార్కెట్‌తో పోలిస్తే చాలా తక్కువ. అయినా ధర కోసం జనం పెద్ద దుకాణాలను దాటుకొని వెళతారు. మన దగ్గర డీమార్ట్ 2024 మార్చి నాటికి 365 దుకాణాలతో, సుమారు కోటిన్నర చదరపు అడుగులతో, అంటే సగటున 41,000 అడుగుల చొప్పున ఉంది. దానికి దూరం నుంచి వచ్చేవారిలో అధికులను లాగేది కూడా మొదట ధర, తరువాతే విస్తీర్ణం. అంత పెద్ద సంస్థ కూడా ఒక్క దుకాణాన్ని ఇంకా పెంచి నగరమంతటినీ లాగాలని చూడకుండా, ఉన్నవాటికి దగ్గర్లోనే కొత్తవి తెరుస్తూ పోవడం మీరు గమనించవలసిన విషయం.

కాగితం మీది కిలోమీటరుకూ రోడ్డు మీది కిలోమీటరుకూ తేడా ఉంటుందని వేరే చెప్పనవసరం లేదు. విజయవాడలో ఏలూరు, బందరు, రైవస్ కాలువల గట్ల మీద నిలబడి చూస్తే ఎదురుగా కనిపించే ఇల్లు, వంతెన చుట్టి వెళితే దూరమవుతుంది. మీ పట్టణంలో రైల్వే గేటు ఉంటే, దాని అవతలి పేటలను లెక్కలో దూరంగా కాదు, నిమిషాలుగా వేసుకోండి. బైపాస్ మీద డివైడరు ఉండి యూటర్న్ ఎక్కడో ఉంటే అది మీ పోటీదారుకు కష్టం, మీకు మేలు. ఆ మేలు మీరు ఒక్క అడుగు స్థలం పెంచకుండా దక్కినది.

అందుచేత షెడ్డు ఒప్పందం రాసుకునే ముందు రెండు పనులు చేయండి. మొదటిది, ఈ నెల 1 నుంచి 10వ తేదీ వరకు ఒకసారి, 20 నుంచి 25 వరకు మరొకసారి, బిల్లు వేసేటప్పుడు పేట పేరో ఊరి పేరో మాత్రం అడిగి బిల్లు మొత్తం పక్కన రాయించండి. ఇంటి నంబరు, ఫోను నంబరు అవసరం లేదు. పట్టణ పటం గోడకు తగిలించి ఒక్కొక్క పేట మీద ఆ అంకెలు రాయండి. అమ్మకాల్లో అరవై నుంచి డెబ్బై శాతం వరకు ఇచ్చే పేటలను కలుపుతూ ఒక గీత గీస్తే, అది మీ అసలు పరిధి. విలియం యాపిల్‌బామ్ అనే ఆయన అమెరికాలో ఈ పద్ధతిని స్థిరపరిచారు. కంప్యూటర్లు వచ్చాక కూడా దీన్ని మించిన మొదటి అడుగు నాకు కనిపించలేదు. ఆ గీత వృత్తంగా రాదని, ఒక వైపు కుదించుకొని మరో వైపు సాగి ఉంటుందని మీరే చూస్తారు. 1 నుంచి 10 వరకు వచ్చిన గీతకూ, 20 తరువాతి గీతకూ మధ్య తేడా ఎంత ఉంటే నెల సరుకుల కోసం వచ్చేవారు అంత ఉన్నట్లు. రెండు గీతలూ ఒకదానిపై ఒకటి పడితే మీరింకా నెల సరుకుల గడప దాటలేదని అర్థం, అప్పుడు విస్తరణకు బలమైన కారణం ఉంది.

రెండవది, వెనక దిక్కు పల్లెలవారు ఇప్పుడు పట్టణానికి దేనికి వస్తున్నారో చూడండి. సంతకా, బ్యాంకుకా, ఎరువుల కొట్టుకా, ఆసుపత్రికా. తొమ్మిది కిలోమీటర్ల నుంచి సరుకుల కోసమే ఎవరూ రారు. వేరే పని మీద వచ్చి, తిరుగు ప్రయాణంలో సరుకులు తీసుకుంటారు. వాళ్లు ఆటో ఎక్కే చోటు మీ దుకాణానికి దగ్గరగా ఉంటే, అక్కడివరకు సరుకు మోయించి ఎక్కించే ఒక కుర్రవాణ్ని పెట్టడం వల్ల వచ్చే ఊళ్లు ఆరు వేల అడుగుల షెడ్డు వల్ల రావు.

మొత్తం షెడ్డు కాకుండా సగం, అంటే మూడు వేల అడుగులు మాత్రమే ముందుగా తీసుకొని, మిగతా సగానికి ఏడాది తరువాత నిర్ణయించుకునే హక్కు ఒప్పందంలో రాయించుకోమని నా సలహా. యజమాని ఒప్పుకోకపోతే, మొత్తం తీసుకున్నా ఆ మిగతా సగాన్ని ఏడాదిపాటు బండ్లు నిలపడానికే వదిలిపెట్టండి. పేటలవారీగా అంకెలు, పల్లెల పేర్లు, అవి ఏ దిక్కున ఉన్నాయో రాస్తే, మీ ఊరికి దూరం ఘాతం ఎంతో లెక్కగట్టి, ఆరు వేల అడుగులకు ఎన్ని ఇళ్లు అదనంగా వస్తాయో నేనే వేసి చూపిస్తాను.